మావయ్య గది దాకా వచ్చి ఆగిన బోర్డులు

బుల్లికి పెద్ద కంపెనీలో ఉద్యోగం పోయి నెల తిరక్కముందే మావయ్య దగ్గర్నుంచి ఫోనొచ్చింది. పాపం, ఓదార్చడానికి చేశాడేమో అనుకుంది. కాదు.

"బుల్లీ, నువ్వు ఆ కంపెనీలో చేసిన పనేమిటే? మీ అమ్మ చెప్పింది గానీ నాకు సగమే బుర్రకెక్కింది."

"ఆఫీసుల్లో పని ఎక్కడ ఆగిపోతోందో, ఒకే పని ఎక్కడ ముగ్గురు చేస్తున్నారో వెతికి పట్టుకోవడం మావయ్యా. దొరికాక, ఆ ముక్క ఏఐ చేత చేయించొచ్చేమో చూడటం."

"అదే! సరిగ్గా అదే కావాలి నాకు. నా షాపులో పని నత్తనడక నడుస్తోంది. ఎవడో ఒకడు కూర్చుని గోళ్లు గిల్లుకుంటున్నాడు. వాడెవడో నువ్వు పట్టుకో. వాడి కుర్చీలో ఆ ఏఐని కూర్చోబెడదాం."

మావయ్యది బోర్డుల వ్యాపారం. దుకాణాలకి, ఆఫీసులకి, ఆసుపత్రులకి పేర్ల బోర్డులు చేయించి గోడకి బిగించి వస్తారు. కుర్రతనంలో కుంచె పట్టుకుని, నిచ్చెనెక్కి, అక్షరాలు చేత్తోనే రాసేవాడు. ఇప్పుడు కింద మిషన్లు, పైన కంప్యూటర్లు, ఓ మూల అద్దాల గది, ఆ గదిలో మావయ్య. ఊళ్లో సగం దుకాణాల నొసటి రాత ఆయన రాసిందే. అంత పేరున్న షాపు. కానీ ఈమధ్య ఎదురు వీధిలో ఇంకొకాయన ఇలాంటిదే తెరిచి, చెప్పిన వారంలో బోర్డు చేతికిచ్చేస్తున్నాడు. మావయ్య దగ్గర బోర్డు చేయించుకునేవాళ్ల సంగతి వేరు. కొందరి దుకాణం తెరవడం, నడవకపోవడం, మూసెయ్యడం కూడా అయ్యాకగానీ బోర్డు తయారయ్యేది కాదు.

బయల్దేరేముందు అమ్మ బుల్లిని గుమ్మంలో ఆపింది.

"వాడు నా తమ్ముడని చెప్పడం కాదుగానీ, వట్టి పసిపిల్లాడి మనసు. ఊరికే నొచ్చుకుంటాడు. ఏదైనా తప్పు చెప్పాల్సొస్తే మొహమ్మీద అనెయ్యకు. పక్కవాడెవడిదో అన్నట్టు చెప్పు."

"నేను వెళ్లేది తప్పులు పట్టడానికే కదమ్మా!"

"పట్టు. వాడివి కాకుండా మిగతావాళ్లవి పట్టు."

షాపులో అడుగుపెట్టిన రోజున మావయ్య అందర్నీ పిలిచి, బుల్లి భుజమ్మీద చెయ్యేసి, "ఈ అమ్మాయి నా మేనకోడలు. మీరు చేసే పని పక్కన కూర్చుని చూస్తుంది. అందులో ఏది ఏఐ చెయ్యగలదో చెబుతుంది. ఎవరూ భయపడక్కర్లేదు" అన్నాడు. ఆ ఆఖరి మాట అనకపోతే ఎవరూ భయపడేవారు కాదు.

అంతే, ఆ షాపు పుట్టాక అలాంటి పని ఎవరూ చూసి ఎరగరు. మేనేజరు కీబోర్డు మీద వేళ్లు విరిగేలా టకటకలాడిస్తున్నాడు. బుల్లి వెళ్లి చూస్తే ఎదురుగా స్క్రీనే వెలగలేదు. కింద మేస్త్రి, అంటే కటింగు నుంచి బిగింపు దాకా చూసుకునే పెద్ద పనివాడు, ఒక అక్షరాన్ని పట్టుకుని పొద్దుట్నుంచి గరుకు కాగితంతో రుద్దుతూనే ఉన్నాడు. సాయంత్రానికి ఆ అక్షరం చిక్కి సగమైంది. డిజైనరు అమ్మాయి నాలుగు డిజైన్లు ఒకేసారి తెరిచిపెట్టుకుని, బుల్లి పక్కనుంచి వెళ్లినప్పుడల్లా ఒకదాన్నుంచి ఇంకోదానికి దూకుతోంది.

మర్నాడు ఆ ఉత్సాహం కాస్త చల్లబడి, గుసగుసలు మొదలయ్యాయి.

"మేనకోడలు గారూ, నేను చెప్పానని అనకండి" అన్నాడు మేనేజరు, కాఫీ కప్పు అడ్డం పెట్టుకుని. "ఆ డిజైనరు అమ్మాయి ఉంది చూశారూ, నేను అచ్చు వేసి ఇచ్చిన ఆర్డరు చదవదు. తనకి తోచింది గీసేస్తుంది. ఏఐ వస్తే ముందు అక్కడ పెట్టండి."

డిజైనరు అమ్మాయి మెట్ల దగ్గర పట్టుకుంది. "నేను చెప్పానని అనకండేం. మేనేజరు గారు ఆర్డర్లో సగం మాటలు మింగేస్తారు. మిగిలిన సగం తప్పు రాస్తారు. ఏఐ ఆయన చోట కూర్చుంటే ప్రాణం హాయిగా ఉంటుంది."

మేస్త్రికి అలాంటి దాపరికాలు లేవు. నడి షాపులో నిలబడి, "పైనున్నోళ్లు పంపితే కదండీ నేను కొయ్యడానికి! ఇద్దరిలో ఎవర్ని తీసేసినా నాకు అభ్యంతరం లేదు" అన్నాడు.

బుల్లికి ఇది కొత్త కాదు. పెద్ద కంపెనీలోనూ ఇంతే. పనిలో ఎక్కడ అడ్డం పడుతోందని అడిగితే ప్రతివాడూ పక్కవాడి కుర్చీ చూపిస్తాడు. అందుకని మనుషుల్ని వదిలేసి, ఏదో ఒక బోర్డు పట్టుకుని, అది ఎక్కడ పుట్టి ఎక్కడెక్కడ తిరిగిందో దాని వెనకాలే నడవాలని నిశ్చయించుకుంది. తిన్నగా మావయ్య గదిలోకి వెళ్లి, బల్ల మీది దొంతరలో పైనున్న డిజైను కాగితం తీసింది.

చూడముచ్చటగా ఉంది. ఎర్రటి యాపిల్ పండు, నల్లద్రాక్ష గుత్తి, సగం ఒలిచిన కమలా పండు. పైన తెల్లటి పెద్ద అక్షరాల్లో 'పళ్లు'.

"ఇది మీ దగ్గరకి వచ్చి ఎన్నాళ్లయింది మావయ్యా?"

"అదా? మొన్నీమధ్యనే. మూడు వారాలవుతుందేమో." మావయ్య కాగితం అందుకుని కళ్లజోడు పెట్టుకున్నాడు. దూరంగా పట్టుకుని చూశాడు. దగ్గరగా పట్టుకుని చూశాడు. తలకిందులుగా తిప్పి కూడా చూశాడు. "ద్రాక్ష రంగు ఒక పిసరు ఎక్కువైనట్టు లేదూ? తగ్గించమను. తగ్గించాక మళ్లీ చూద్దాం."

సరిగ్గా అప్పుడే ఆ బోర్డు తాలూకు మనిషి గది తలుపు తోసుకుని వచ్చాడు. సన్నగా, చక్కటి ఇస్త్రీ చొక్కాలో ఉన్నాడు. "అయ్యా, నా బోర్డు సంగతేమిటండీ? లోపల కుర్చీలొచ్చాయి, లైట్లొచ్చాయి, వాకిట్లో పేరు లేదు" అన్నాడు.

"నూరేళ్లాయుష్షు మీకు! ఇప్పుడే మీ గురించే అనుకుంటున్నాం" అని మావయ్య కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని ఆయనకి చూపించాడు.

ఆయన చాలాసేపు చూశాడు. "ఏమిటిది?"

"మీ పళ్లేనండీ. ఎంత తాజాగా ఉన్నాయో చూడండి! ఇప్పుడే కోసినట్టు!"

"నేను పళ్ల డాక్టర్నండీ."

మావయ్య ఆశ్చర్యపోయాడు. "పళ్లకి కూడా డాక్టర్లొచ్చారా!"

ఆ పెద్దమనిషి నోరు తెరిచి, వేలుపెట్టి లోపలికి చూపించాడు. బుల్లి కుర్చీలో ఒదిగి కూర్చుని, నవ్వు ఆపుకోవడానికి బల్ల అంచు గట్టిగా పట్టుకుంది.

డాక్టరు గారికి కాఫీ ఇచ్చి, బతిమాలి పంపేసరికి తలప్రాణం తోకకొచ్చింది. తర్వాత బుల్లి ఆ బోర్డు జాతకం తవ్వింది. ఆయన పంపిన మెసేజిలో 'పళ్ల ఆసుపత్రికి బోర్డు, తెల్ల అక్షరాలు, వెలగాలి' అని శుభ్రంగానే ఉంది. మేనేజరు దాన్ని తన ఫోన్లో చదివి చీటీ మీద రాశాడు. చీటీ చూసి కంప్యూటర్లో కొట్టాడు. అక్కడ గడి చిన్నది, ఆసుపత్రి పట్టలేదు, 'పళ్లు' అని సరిపెట్టాడు. దాన్ని అచ్చు తీసి డిజైనరుకి ఇచ్చాడు. ఆ అమ్మాయి ఆ కాగితం చూసి అదే ముక్క తన కంప్యూటర్లో మళ్లీ కొట్టుకుంది. ఇంతా చేసి వాళ్లిద్దరి కుర్చీలూ వీపు వీపు తగిలేంత దగ్గర. ఒకరు వెనక్కి వాలితే రెండోవారు ముందుకి వంగాలి.

"ఇన్నిసార్లు ఎత్తి రాయడం ఎందుకండీ?" అని అడిగింది మేనేజర్ని.

"మొదట్నుంచీ అంతేనండీ" అన్నాడు ఆయన, అంతకంటే గట్టి కారణం ఉండదన్నట్టు.

ఈ ముక్క తేలిక. వచ్చిన మెసేజిని ఏఐ చదువుతుంది, కావలసిన వివరాలు విడదీసి తిన్నగా డిజైనరు ముందు పెడుతుంది, ఏ మాటకైనా రెండర్థాలొస్తే 'తినే పళ్లా, తినడానికి వాడే పళ్లా' అని కస్టమర్నే అడుగుతుంది. బుల్లి వారం పదిరోజులు కిందామీదా పడి దాన్ని కుదిర్చింది. మేనేజరు మొదట్లో, తన చేతిలో అన్నం ముద్ద లాక్కున్నట్టు మొహం మాడ్చుకుని కూర్చున్నాడు. ఆ పైవారం పని వేళకే పూర్తయి, వెలుతురుండగా ఇల్లు చేరాడట. పెళ్లాం తలుపు తీసి, ఒంట్లో బాగాలేదా అని నుదుటి మీద చెయ్యి పెట్టి చూసిందట. అప్పట్నుంచి ఏఐని ఎవరేమన్నా ఊరుకోవడం లేదు.

అంతా బాగానే ఉంది. కానీ బోర్డులు మాత్రం బయటికి పోవడం లేదు.

ఇదివరకు అక్కడో కాగితం ఇక్కడో కాగితం ఆగేవి. ఇప్పుడు ఎక్కడా ఆగకుండా పరుగెత్తుకొచ్చి, అన్నీ కలిసి అద్దాల గదిలో మావయ్య బల్ల మీద పడుతున్నాయి. కాగితాల దొంతర పెరిగి పెరిగి, బయటి నుంచి చూస్తే మావయ్య కనిపించడం మానేశాడు. దొంతర మీదుగా బట్టతల ఒక్కటే కనిపిస్తోంది, కొండ మీద చంద్రుడిలా. కింద మేస్త్రి మిషను ఆపేసి, దాని మీద కండువా పరుచుకుని కునుకు తీస్తున్నాడు.

"చూశావా బుల్లీ, నీ ఏఐ వచ్చాక నాకు పని పెరిగింది గానీ తగ్గలేదు" అన్నాడు మావయ్య, దొంతర వెనకనుంచి.

పని ఆగుతున్నది ఎక్కడో బుల్లికి తెలిసిపోయింది. ఇక చెప్పక తప్పదు. అమ్మ మాట గుర్తు తెచ్చుకుని చుట్టూ తిప్పి మొదలుపెట్టింది.

"మావయ్యా, నాకు తెలిసిన ఒకాయన ఉన్నాడు. మంచి మనిషి. ఆయన ఆఫీసులో అందరూ పని వేళకి చేసేస్తారు. కానీ అన్నీ వచ్చి ఒక్క మనిషి బల్ల మీద ఆగిపోతాయి."

"ఆ మనిషిని ముందు పీకి పారెయ్యాలి" అన్నాడు మావయ్య వెంటనే.

"పీకడానికి లేదు. ఆ మనిషే ఓనరు."

"అయితే ఆ ఓనరుకి బుద్ధుండాలి. నాలాంటివాడి దగ్గరకి ఓసారి పంపించు, గడ్డి పెడతాను."

బుల్లి బయటికొచ్చి మెట్ల మీద కూలబడింది. మధ్యాహ్నం భోజనం క్యారేజీ తీసుకుని అత్తయ్య ఎదురైంది. రోజూ ఆవిడే తెస్తుంది. సంగతి వినగానే ఆవిడ మెట్ల మీదే కూర్చుని, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది.

"ఇది కనిపెట్టడానికి ఇంత చదువు కావాలా తల్లీ? నన్నడిగితే కాపరానికొచ్చిన కొత్తలోనే చెప్పేదాన్ని. వంటింటి కిటికీకి పరదా వేయిద్దామండీ అన్నాను ఒకసారి. చూద్దాం అన్నారు. ఆ ఇల్లు ఖాళీ చేశాం. ఇంకో ఇల్లు మారాం. సొంతిల్లు కట్టుకున్నాం. ఆయన ఇంకా చూస్తూనే ఉన్నారు."

"మరి మీరెప్పుడూ అడగలేదా అత్తయ్యా?"

"అడిగితే కోపం కూడా రాదే! కోపమొస్తే పోట్లాడైనా సాధించుకోవచ్చు. 'నువ్వన్నది నిజమే, చూద్దాం' అంటారు. ఏం చెయ్యను?"

ఆలోచించగా ఆలోచించగా బుల్లికి ఒక దారి దొరికింది. మర్నాడు మావయ్య దగ్గరకి వెళ్లి, "పెద్ద పెద్ద బోర్డులు మీరే చూడండి మావయ్యా. చిన్నవాటికి మీరెందుకు కళ్లు నొప్పి పెట్టుకోవడం? వాటిని ఏఐ చూస్తుంది, అచ్చం మీలాగే" అంది.

మావయ్య చెవులు నిక్కబొడుచుకున్నాయి. "నాలాగే ఎలా చూస్తుందే?"

"ఇన్నేళ్లుగా మీరు డిజైన్ల మీద అన్న మాటలన్నీ షాపు మెసేజిల్లో ఉన్నాయి. అవన్నీ దానికి చదివిస్తాను. మీరు దేన్ని ఒప్పుకుంటారో, దేన్ని తిప్పి పంపుతారో నేర్చుకుని, ఆ పద్ధతిలోనే జవాబిస్తుంది."

"చదివించు. ఒక్కటీ వదలకు. నా కన్ను దిగిపోవాలి దానికి!" అన్నాడు మావయ్య. సంతోషంతో మొహం చాటంతయింది.

ఇక్కడే బుల్లి పప్పులో కాలేసింది. గుట్టలు గుట్టలుగా ఉన్న మెసేజిలు, అన్నీ కూర్చుని ఎవరు చదువుతారు? మావయ్య ఇన్నేళ్ల వ్యాపారస్థుడు, ఎప్పుడో ఒకప్పుడు సరే అని ఉంటాడు కదా అనుకుంది. మూటగట్టి ఏఐకి అప్పజెప్పింది.

మొదటిసారి దాన్ని నడిపే రోజు మావయ్య పండగ చేశాడు. షాపు వాళ్లందర్నీ పైకి పిలిచాడు. పళ్ల డాక్టరు గారిక్కూడా, సరిచేసిన డిజైను చూడటానికి రమ్మని కబురెళ్లింది. అత్తయ్య క్యారేజీతో వచ్చి, సందడి చూసి అక్కడే నిలబడిపోయింది. ఈసారి డిజైన్లో యాపిల్ లేదు, ద్రాక్ష లేదు. ఒక తెల్లటి పన్ను, రెండు వరసల అక్షరాలు. బుల్లి దాన్ని ఏఐకి చూపించింది.

జవాబు స్క్రీను మీద పడింది. డిజైనరు అమ్మాయి పైకి చదివింది. "'బాగుంది. ఇంకోసారి చూద్దాం.'"

"చూశారా!" మావయ్య తొడ చరిచాడు. "అచ్చం నా మాటే! నేనే అన్నట్టుంది!"

"మళ్లీ అడగవే" అంది అత్తయ్య.

మళ్లీ అడిగారు. "'అక్షరాలు కాస్త పెద్దవి చేస్తే ఎలా ఉంటుందో చూద్దాం.'"

డిజైనరు పెద్దవి చేసింది. "'ముందున్నదే నయమేమో. మళ్లీ చిన్నవి చెయ్యి.'" చిన్నవి చేసింది. "'ఇప్పుడు పన్ను కొంచెం ఒంటరిగా అనిపిస్తోంది. సాయంత్రం ఒకసారి గుర్తు చెయ్యి.'"

డాక్టరు గారు వాచీ చూసుకున్నాడు. మావయ్య జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. "కొత్త కదా, కాస్త బెరుకు. దానికి గట్టిగా చెప్పు బుల్లీ, కస్టమరు ఎదురుగా ఉన్నారని."

బుల్లి చెప్పింది. "'ఆయనకి కాఫీ ఇప్పించు. తొందరేముంది, రేపు చూద్దాం.'"

మావయ్య ఇక తట్టుకోలేకపోయాడు. కుర్చీలోంచి లేచి, స్క్రీను మీదికి వంగి, నేరుగా దాంతోనే తలపడ్డాడు. "ఏం చూస్తావయ్యా ఇందులో? రెండు ముక్కలు, ఒక పన్ను! ఇందులో చూడ్డానికేముంది? అవతల పెద్దమనిషి చెప్పులరిగేలా తిరుగుతున్నాడు. మేస్త్రి మిషనాపుకుని కూర్చున్నాడు. ఔనని చావు, కాదని చావు. ఏదో ఒకటి చెప్పి చావు!"

బుల్లి ఆ మాటలు పొల్లుపోకుండా టైపు చేసింది. ఏఐ ఏమాత్రం కోపం తెచ్చుకోలేదు. "'నువ్వన్నది నిజమే. చూద్దాం.'"

 మేనేజరు పైకప్పు వంక చూస్తున్నాడు. డిజైనరు అమ్మాయి రెండు చేతులా నోరు మూసుకుంది. మేస్త్రి గోడవైపు తిరిగి నిలబడ్డాడు గానీ, భుజాలు మాత్రం ఎగిరెగిరి పడుతున్నాయి.

అత్తయ్య మెల్లిగా అంది. "ఏవండీ, అది నేర్చుకున్నది మీ దగ్గరేనటగా?"

మావయ్య మొహంలో రంగు మారింది. స్క్రీను చూశాడు, బుల్లిని చూశాడు. "ఇవన్నీ నా మాటలేనా?"

"మీవే మావయ్యా."

"అన్నిటిలో ఒక్కచోటైనా 'కానివ్వండి' అని లేదటే?"

బుల్లి అబద్ధమాడలేక, వెతికి చూసి చెప్పింది. "ఒకచోట ఉంది. మిషన్లో ఎలుక దూరింది, తోలేయమంటారా అని మేస్త్రి గారు అడిగినప్పుడు."

మావయ్య కళ్లజోడు తీసి మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత డాక్టరు గారి వైపు తిరిగి, "మీ బోర్డు అలాగే కానిస్తున్నానండీ" అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. అత్తయ్య చేతిలోంచి క్యారేజీ అందుకుని, తినకుండానే, పట్టుకుని ఇంటికి వెళ్లిపోయాడు.

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. అమ్మ ఫోను మాత్రం వచ్చింది.

"నలుగుర్లో నీ మావయ్యని నవ్వులపాలు చేశావటగా?"

"నేను కాదమ్మా, కంప్యూటరు."

"దానికి నేర్పింది ఎవరే? పక్కింటివాళ్లా?"

బుల్లి మొహం చెల్లక రెండ్రోజులు ఆగి, ఆపైన ధైర్యం చేసి మావయ్య ఇంటికి వెళ్లింది. వీధిలోంచే సుత్తి దెబ్బలు వినిపించాయి. అత్తయ్య తలుపు తీసి, బుల్లి చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది.

"సమయానికొచ్చావు. మీ మావయ్యని వెంటనే షాపుకి తీసుకుపో."

"కోపంగా ఉన్నారా?"

"కోపమైతే బాగానే ఉండును! ఏమడిగినా 'కానీ' అంటున్నారే. వంటింటికి పరదా వేశారు. పడగ్గదికి వేశారు. స్నానాలగది కిటికీకి కూడా వేశారు. కుళాయిలవాడు వచ్చి పైపులన్నీ మారుస్తానంటే కానీ అన్నారు. రంగులవాడు హాలుకి ఆరెంజి రంగు వేస్తానంటే కానీ అన్నారు. పొద్దున గోడ పగలగొట్టేవాడెవడో వచ్చి కొలతలు తీసుకుని వెళ్లాడు. ఏ గోడో కూడా అడగలేదు. నాకు భయమేస్తోంది తల్లీ!"

మావయ్య పెరట్లో స్టూలు మీద కూర్చున్నాడు. బుల్లిని చూసి, పక్కనున్న బకెట్టు బోర్లించి కూర్చోమన్నాడు. లోపల సుత్తి ఇంకా మోగుతోంది.

"నీమీద కోపం లేదులేవే" అన్నాడు. "నాలుగు రోజుల్నుంచీ అదే ఆలోచిస్తున్నాను. నేను చేత్తో రాసే రోజుల్లో అలా నానబెట్టలేదు. ఒక అక్షరం రాయడం, నిచ్చెన దిగి రోడ్డు దాటి చూడటం, వచ్చి ఇంకో అక్షరం రాయడం. పొద్దు గూకేసరికి బోర్డు అయిపోయేది. ఇప్పుడు కోసేది మిషను, గీసేది ఆ అమ్మాయి, బిగించేది మేస్త్రి. నాకు మిగిలింది చూడటం ఒక్కటే. వచ్చిన కాగితం వచ్చినట్టే పంపేస్తే, సాయంత్రం దాకా ఆ అద్దాల గదిలో కూర్చుని నేనేం చెయ్యనే?"

బుల్లికి పెద్ద కంపెనీలో తన ఉద్యోగం పోయిన రోజు గుర్తొచ్చింది. పొద్దున్నే విషయం చెప్పేశారు, కానీ కాగితాలు చేతికిచ్చేది సాయంత్రం. మధ్యలో ఏ పనీ లేక, ఖాళీ బల్ల మీద పెన్సిలు దొర్లించుకుంటూ కూర్చుంది. అంత పొడుగాటి పగలు తనెన్నడూ చూడలేదు.

"చూడటం మానెయ్యమని కాదు మావయ్యా" అంది, ఆలోచిస్తూనే. "కాగితం మీద చూసేది ఏముంటుంది? గోడెక్కాక కదా బోర్డు. మీరు బిగించే చోటికి వెళ్లి చూడొచ్చుగా?"

మావయ్య చప్పున తల తిప్పాడు. "గోడ దగ్గరకా? నేను వెళ్లి ఎన్నేళ్లయిందో!"

"వెళ్లండి. కాగితాల సంగతి మేం చూసుకుంటాం."

"కానీ" అన్నాడు మావయ్య.

"ఏ గోడ పడగొట్టమన్నారో అది ముందు కనుక్కోండి!" అని కేకేసింది అత్తయ్య లోపల్నుంచి.

బుల్లి మావయ్య మాటలన్నీ ఏఐ బుర్రలోంచి కడిగేసింది. ఈసారి తను, డిజైనరు అమ్మాయి కూర్చుని, ఏది తప్పో ఏది ఒప్పో మామూలు మాటల్లో చెప్పారు. అక్షరదోషం ఉందా, కొలత గోడకి సరిపోతుందా, కస్టమరు ఒప్పుకున్నాడా. మూడూ కుదిరితే కాగితం నేరుగా కిందికి పోతుంది. కుదరకపోతే మనిషి దగ్గరకొస్తుంది. బాగా పెద్ద బోర్డులు మాత్రం మావయ్య చూస్తాడు, కానీ ఏ రోజువి ఆ రోజే. అలా చూస్తాడని అత్తయ్య హామీ ఇచ్చింది. దొంతర కరిగింది. మావయ్య కాగితాల అడుగున బల్ల ఉందని షాపులో చాలామందికి అప్పుడే తెలిసింది. డాక్టరు గారి వాకిట్లో పన్ను వెలిగింది. ఎదురు వీధిలోకి పోయిన కస్టమర్లు ఒక్కొక్కరే వెనక్కి రాసాగారు.

అంతా చక్కబడిందని బుల్లి ఊపిరి పీల్చుకుంటుండగా, ఒక ఉదయం మేస్త్రి ఆమె బల్ల ముందుకొచ్చి నిలబడ్డాడు.

"మేనకోడలు గారూ, పని ఎక్కడ ఆగుతోందో వెతకడం మీ పని కదా?"

"అవునండీ."

"వెతకడం దేనికి, నేను చెబుతాను. నడిరోడ్డు మీద ఆగుతోంది. మీ మావయ్య గారు రోడ్డుకి అటుపక్క నిలబడతారు. పైకంటారు, కిందకంటారు. ఇదివరకు పూటకి మూడు బోర్డులు బిగించేవాణ్ణి. ఇప్పుడు ఒకటి బిగించేసరికి భోజనాల వేళవుతోంది. ఇవాళ గడియారాల దుకాణం దగ్గరున్నారు. మీరొచ్చి చెబితే తప్ప లాభం లేదు."

బుల్లి చెప్పడానికే వెళ్లింది. దారిలో మాటలు కూడా కూర్చుకుంది. అక్కడికి చేరేసరికి ఇరుకైన వీధిలో చిన్న గుంపు ఉంది. గడియారాలు బాగుచేసే ఆవిడ తన కొత్త దుకాణం ముందు చేతులు కట్టుకుని నిలబడింది. మేస్త్రి వచ్చి నిచ్చెనెక్కాడు. రోడ్డుకి ఇవతల, ఎవరో వేసిన కుర్చీలో మావయ్య కూర్చున్నాడు. చొక్కా చేతులు మడిచి ఉన్నాయి, ఎండకి మొహం కందింది, కానీ పదేళ్లు తగ్గినట్టున్నాడు. చుట్టూ దారిన పోయేవాళ్లు తలా ఒక సలహా ఇస్తున్నారు. పక్కనున్న క్షవరశాల ఆయన, కత్తెర చేతిలో పట్టుకునే వచ్చి, తన బోర్డు పాతబడిందనీ కొత్తది ఎన్నాళ్లలో అవుతుందనీ అడుగుతున్నాడు. లోపల సగం తలతో ఉన్న మనిషి కిటికీలోంచి ఇటే చూస్తున్నాడు.

"ఈ వారంలోనే అవుతుంది" అంటున్నాడు మావయ్య.

"మావయ్యా, మీతో ఒక మాట..." అని మొదలుపెట్టింది బుల్లి.

"వచ్చావా! మంచి వేళకొచ్చావు. మాట తర్వాత. ముందిక్కడ నిలబడు, నా పక్కన. ఇంకొంచెం వెనక్కి. ఆ, ఇప్పుడు చూడు."

బుల్లి చూసింది. ఏమీ లేదు, బోర్డు బోర్డులాగే ఉంది, ఆ మాటే చెప్పేద్దామనుకుంది. ఇంకోసారి చూసింది. తల కొంచెం వంచి చూసింది. నాలుగడుగులు అటు వేసి చూసింది. అందరూ ఆమె వంక చూస్తున్నారు.

"మేస్త్రి గారూ!" నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని అరిచింది. "కుడి వైపు ఒక వెంట్రుకంత ఎత్తండి!"

మేస్త్రి నిచ్చెన మీద నుంచి మెడ తిప్పి, ఒకరి పక్కన ఒకరు తలలు ఓ పక్కకి వంచి చూస్తున్న మేనమామనీ మేనకోడల్నీ కాసేపు చూశాడు. తర్వాత జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి, కుడివైపు మర విప్పడం మొదలుపెట్టాడు.